సక్రి బండి

శనివారం బడిపిల్లలు తిని లేచాక నాగలక్ష్మి గిన్నెలు తోమి బోర్లించి, వంటగదికి తాళం వేసి, రెండు గంటల బస్సు ఎక్కింది. టేకు చెట్ల మధ్య నుంచి ఊగుతూ వచ్చిన బస్సు ఆమెను ఇల్లందులో దింపేసరికి మూడు దాటింది. చేతిలో గుడ్డసంచి. అందులో మార్చుకోవడానికి ఒక చీర, పెరట్లో కాసిన సొరకాయ ఒకటి.

సక్రి బండి ఎక్కడ పెడుతుందో ఆమెకు తెలియదు. బర్గర్ బండి అని అడగమన్నారు ఊళ్లో. ఆ మాట నోటికి తిరగక, బస్టాండు ముందు జామకాయలు అమ్మే ఆమెను, "సక్రి అని తండా ఆమె. బన్నులు అమ్ముతదంట" అని అడిగింది.

"బర్గరక్కనా? సీదా పో. బొగ్గు లారీలు మలిగే కాడ నీలం రేకు బండి."

నీలం రేకు దూరం నుంచే కనిపించింది. దానికి కట్టిన అట్టమీద ఎర్రరంగుతో 'కళ్యాణి బర్గర్' అని రాసి ఉంది. కళ్యాణి సక్రి కూతురు, ఖమ్మంలో నర్సు చదువు చదువుతోంది. బండి వెనక సక్రి తలకు గుడ్డ చుట్టుకుని, వంగి పెనం తుడుస్తోంది. పదకొండేళ్లు ఒకే పొయ్యి దగ్గర తనతో కలిసి వండిన మనిషి. చూసి రెండేళ్లయింది. నాగలక్ష్మి రోడ్డుకు ఇవతలే కాసేపు నిలబడిపోయింది. రెండు లారీలు పోయాక సక్రే తలెత్తి చూసింది.

"లక్ష్మీ, గా ఎండల నిల్చున్నవేందే. ఇటు రా, నీడకు."

నిన్న మొన్న కలిసి విడిపోయినట్టే పిలిచింది. నాగలక్ష్మి రోడ్డు దాటి, బండి చుట్టూ తిరిగి సక్రి పక్కకు వచ్చి నిలబడింది. సంచిలోంచి సొరకాయ తీసి ఇచ్చింది. సక్రి దాన్ని చేత్తో తూచి చూసి బండి కింద పెట్టింది.

"జంపయ్య మంచిగున్నడా?" అని ఆమె భర్త సంగతి అడిగింది.

"ఉన్నడు. కట్టె పట్టుకోని నడుస్తుండు."

"నడుస్తుండా? మంచిది."

మొదటి షిఫ్టు దిగిన బొగ్గుబాయి పనివాళ్లు టిఫిన్ డబ్బాలు మోటార్‌సైకిళ్లకు తగిలించుకుని ఒక్కొక్కరే వచ్చి ఆగడం మొదలుపెట్టారు. సక్రి మాటలు ఆపింది. గిన్నెలో నానబెట్టి బరకగా రుబ్బిన బొబ్బర్ల పిండి ఉంది. దాన్లో గుప్పెడు జొన్నపిండి చల్లి కలిపింది. నూనె ప్యాకెట్టు కోసి చేసుకున్న కవరు మీద తడిచెయ్యి అద్ది, పిండి ముద్ద పెట్టి, నాలుగు వేళ్లతో అరచేతంత గారె తట్టింది. కవరెత్తి పెనం మీదికి ఒంపింది. ఒకటి తర్వాత ఒకటి ఆరు. అవి కాలుతుండగానే బన్నులు అడ్డంగా కోసి, లోపలి వైపు ఎల్లిపాయ కారం రాసి, పెనం అంచున బోర్లించి అదిమింది. కారం మాడకుండా ఘాటు పైకి లేవగానే తీసేసింది. కింద ముక్క మీద పుంటికూర తొక్కు, దానిమీద వేడి గారె, నిమ్మకాయ పిండిన ఉల్లిగడ్డ, పైన మూత. మోదుగాకులో చుట్టి అందించింది.

నాగలక్ష్మి ఆ చేతులనే చూస్తూ ఉంది. బడిలో రెండొందల మందికి పప్పు కలిపిన చేతులు.

"కళ్యాణి ఖమ్మంల తిన్నదంట బర్గర్. వచ్చి చెప్పింది, అమ్మా, అది మన గారెను బన్నుల పెట్టినట్టే ఉన్నదని. పెట్టి చూసిన. ఇగో, నువ్వు తిను."

నాగలక్ష్మి ఆకు విప్పి కొరికింది. పుంటికూర పులుపు ముందు తగిలింది, ఎల్లిపాయ కారం వెనక నుంచి వచ్చింది. గారె పైన కరకరలాడి లోపల మెత్తగా ఉంది. మూడు ముద్దలు తిన్నాక గాని ఆమెకు తాను పొద్దుటి నుంచి ఏమీ తినలేదని గుర్తు రాలేదు.

మోటార్‌సైకిల్ మీద వచ్చిన ఒకతను, "ఎగ్ బర్గర్ లేదా అక్కా?" అని అడిగాడు.

"గుడ్డు పెట్టను తమ్మీ. రేపు ఆదివారం రా, బోటి ఉంటది" అంది సక్రి.

నాగలక్ష్మి నమలడం ఆపింది. సక్రి ఆమె వైపు చూడలేదు. ఇంకో ఆరు గారెలు తట్టడంలో ఉంది.

*

ఆదివారం పొద్దున సక్రి కిరాయికి ఉంటున్న గది ముందు ఇద్దరూ కూర్చుని పుంటికూర తెంపుతున్నారు. సక్రి ఆకులు చాటలోకి, కాడలు పక్కకు వేస్తోంది. గదిలో కట్టెల పొయ్యి మీద కడిగిన మేక బోటి ఉడుకుతోంది.

నాగలక్ష్మి వచ్చిన పని అప్పుడు చెప్పింది.

"సక్రీ, బడిల రెండో మనిషి లేదు. నీ తర్వాత వచ్చిన ఆమె మధిర దిక్కు పోయింది పనికి. కొత్త హెడ్మాస్టరు బలరాం సారు మంచోడు. వండటం వచ్చినోళ్లను ఎవరినన్న చూడమన్నడు. మంగళవారం తల్లుల కమిటీ కూసుంటది. నీ పేరు చెప్పాలనుకున్న."

సక్రి చేతిలో కాడను మధ్యకు విరిచింది.

"నా పేరా? ఆ కాయితంల ఏం రాసిండ్రు నా పేరు ముంగట, యాది ఉన్నదా?"

నాగలక్ష్మి ఇంకో కట్ట విప్పింది.

"శుభ్రం లేకుంట గుడ్లు వండినందుకు. గట్లనే గదా? కింద నీ దస్కతు ఉండె."

"ఉండె."

"అది ఇంక ఆఫీసుల ఉన్నది లక్ష్మీ. సారు మంచోడైతే ఏంది, కాయితం మంచిది కావాలె గదా."

ఆ మాటలో కోపం లేదు. ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పింది. తర్వాత లేచి వెళ్లి బోటి కలిపి, మెతుకంత ముక్క చేతిలో వేసుకుని నలిపి చూసి, "ఇంకో నాలుగు కట్టెలు పెట్టాలె" అంటూ బయటికి వచ్చింది.

రెండేళ్ల కింద ఒక బుధవారం బడికి వచ్చిన గుడ్లు నీళ్లలో వేస్తే, మురిగినవి సగం పైకి తేలాయి. సక్రి వాటిని చూపించి వండనని చెప్పింది. అప్పటి హెడ్మాస్టరు, పిల్లలకు గుడ్డు పెట్టకపోతే పైనుంచి తనను అడుగుతారని కేకలేశాడు. సక్రి వినకుండా బిందె తీసుకుని బోరింగు దగ్గరికి పోయింది. ఆమె తిరిగి వచ్చేసరికి నాగలక్ష్మి గుడ్లు పొయ్యి మీద పెట్టేసి ఉంది. సాయంత్రానికి పంతొమ్మిది మంది పిల్లలు దవాఖానాలో ఉన్నారు. అందరూ బతికి ఇంటికి వచ్చారు. కాని ఎవరో ఒకరి పేరు రాయాలన్నారు, హెడ్మాస్టరు సక్రి పేరు రాశాడు. ఎదురు మాట్లాడింది ఆమె కదా.

నాగలక్ష్మి చాటలో ఆకులను అటూ ఇటూ కదుపుతూ ఉండిపోయింది. తెంపవలసినవేమీ మిగల్లేదు.

*

ఆదివారం అంగడి. మధ్యాహ్నం మూడు నుంచే బండి దగ్గర జనం మూగారు. గారె ఒక పక్క, బోటి వేపుడు ఒక పక్క. బన్నులు కోయడం, కారం రాయడం నాగలక్ష్మి చేస్తోంది. మొదట రెండు బన్నులు చీలిపోయాయి. కత్తిని నొక్కకుండా రంపంలా లాగాలని సక్రి ఒక్కసారి చూపిస్తే చేతికి పట్టుబడింది. గారెలు తిరగేసే పని కూడా తనకే అప్పజెప్పింది సక్రి. ఇద్దరి మోచేతులు తగలకుండా, ఒకరు వంగితే ఒకరు లేచి, పాత అలవాటే మళ్లీ వచ్చేసింది. మధ్యలో ఒకసారి సక్రి నవ్వింది కూడా.

ఐదవుతుండగా బండి ముందుకు ఒక ఆడపిల్ల వచ్చి నిలబడింది. తొమ్మిది పదేళ్లుంటాయి.

"లక్ష్మక్కా, నువ్వు ఇక్కడున్నవా?"

బడిలో నాలుగో తరగతి పిల్ల, భవాని. వాళ్లమ్మ కొండమ్మ మిరపకాయలు బేరం చేస్తోందట, ఇప్పుడే వస్తుందట. నాగలక్ష్మి ఒక గారె బర్గర్ ఆకులో చుట్టి, కారం తక్కువ వేసి పిల్ల చేతిలో పెట్టింది. పిల్ల రెండు చేతులతో పట్టుకుని కొరకబోయింది.

కొండమ్మ నవ్వుతూనే వచ్చింది. "ఏంది లక్ష్మక్కా, బండి పెట్టినవా?" అంటూ పక్కకు చూసింది. సక్రి కనిపించింది. కొండమ్మ మొహం మారిపోయింది. కూతురి చేతిలోంచి పొట్లం లాగి బండి మీద పెట్టింది.

"నోట్లది ఊంచు."

పిల్ల ఊసింది.

"దీని చేతి కూడు తినే నా బిడ్డ మూడు దినాలు దవాఖాన్ల పడ్డది" అంది కొండమ్మ, చుట్టూ ఉన్నవాళ్లతో. గొంతు పెద్దగా లేదు. "మీకు ఎరుక లేదేమో. బడి పిల్లలకు మురిగిన గుడ్లు వండిపెట్టింది ఈమెనే. పంతొమ్మిది మంది. కాయితం రాసి తీసేసిన్రు. ఇక్కడికొచ్చి మళ్ల వండుతున్నది."

తర్వాత నాగలక్ష్మి వైపు తిరిగింది. "నువ్వన్న చెప్పొద్దా అక్కా. నువ్వు ఉండంగనే గిట్లనా?"

నాగలక్ష్మి చేతిలో అట్లకాడ ఉంది. పెనం మీద నాలుగు గారెలు ఉన్నాయి. చెప్పవలసిన మాట నాలుక మీదే ఉంది, రెండేళ్ల నుంచీ ఉంది. గుడ్లు ఉడకబెట్టింది నేను. ఆమె గారెలు తిరగేసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"బస్సుకు టైమయితది, పో కొండమ్మా" అంది సక్రి మామూలుగా.

కొండమ్మ కూతురి రెక్క పట్టుకుని వెళ్లిపోయింది. ఇద్దరు కాలేజీ పిల్లలు సగం తిన్న పొట్లాలు మెల్లగా మడిచి బుట్టలో వేశారు. వెనక నిలబడ్డవాళ్లు ఫోన్లు చూసుకుంటూ పక్కకు జరిగారు. బాయి పనివాడు ఒకాయన మాత్రం కదల్లేదు. చేతిలోది చివరిదాకా తిని, వేళ్లు ఆకుకు తుడుచుకుని, "ఇంకొకటి పెట్టమ్మా, బోటిది" అన్నాడు. సక్రి పెట్టింది.

ఆయన వెళ్లాక బండి దగ్గర ఇద్దరే మిగిలారు. ఇంకా వెలుగు ఉంది. లారీలు దుమ్ము రేపుకుంటూ మలుపు తిరుగుతున్నాయి.

"సక్రీ, నేను..."

"ఆ ఉల్లిగడ్డలు ఎండుతున్నయ్, మూత పెట్టు."

నాగలక్ష్మి మూత పెట్టింది. సక్రి పెనం గీకుతోంది.

"గిది మూడోసారి. మీ ఊరోళ్లు అంగడికి వస్తరు గదా. రెండు మూడు దినాలు జనం తక్కువుంటరు. మళ్ల వస్తరు."

"అప్పుడు నువ్వెందుకు చెప్పలే?" అని అడిగింది నాగలక్ష్మి. "పొయ్యి మీద పెట్టింది నేనని. నువ్వు చెప్తే నేను కాదందునా?"

సక్రి గీకడం ఆపి, మణికట్టుతో నుదురు తుడుచుకుంది.

"నీ మొగుడు మంచంల ఉండె. చెట్టు మీదికెల్లి పడి నడుము ఇరిగి. నాకు తండాల ఇంత చెల్క భూమి ఉండె, రెక్కలు ఉండె. నిజం చెప్తే నీ పని పోతుండె. పోయినంక మీ ఇద్దరు ఏం తిందురు? నువ్వు గూడ అందుకే దస్కతు పెట్టినవని నాకు ఎరుకనే. అందుకే నీ మీద కోపం పెట్టుకోలే." పెనం మీద నీళ్లు చిలకరించింది. అది చుర్రుమంది. "మనసుల పెట్టుకోకు. పొద్దుగాల నీకు ఫస్ట్ బస్సు ఉన్నది."

*

సోమవారం నాగలక్ష్మి ఒక్కతే రెండొందల మందికి వండింది. మంగళవారం పొద్దున జంపయ్య గడపలో కూర్చుని కట్టెకు రబ్బరు తొడుగుతుంటే, ఆమె అతని ముందు చాయ్ గ్లాసు పెట్టి, "ఇయ్యాల నా పని పోతది కావచ్చు" అంది.

జంపయ్య చాలాసేపు చాయ్ ఊదాడు.

"గుడ్ల ముచ్చట చెప్తవా?"

అతనికి తెలుసని ఆమెకు తెలియదు. తలూపింది.

"చెప్పు" అన్నాడు. "నేను మేకలు తోల్కపోత. కుంటుకుంట పోయినా అవేం అనుకోవు."

సాయంత్రం నాలుగింటికి ఐదో తరగతి గదిలో తల్లుల కమిటీ కూర్చుంది. తొమ్మిది మంది ఆడవాళ్లు చిన్నపిల్లల బెంచీల మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నారు. కొండమ్మ కిటికీ పక్కన ఉంది. బలరాం సారు రిజిస్టరు తెరిచి, చేతులు కడుక్కునే నల్లా కారుతోందన్న సంగతి మొదలుపెట్టాడు. దాని మీద అందరూ మాట్లాడారు. వాషరు పోయిందని ఒకరు, పైపే పగిలిందని ఒకరు. అరగంట అయింది. తర్వాత సారు, "లక్ష్మమ్మా, రెండో మనిషిని చూస్తనన్నవ్ గదా" అన్నాడు.

నాగలక్ష్మి లేచి నిలబడింది. కాళ్లు బెంచీకి ఆనించుకుంది.

"సారూ, దానికంటె ముందు ఒకటి చెప్పాలె. అప్పుడు పిల్లలకు కడుపుల గుంజినప్పుడు గుడ్లు ఉడకబెట్టింది నేను. సక్రి కాదు. సక్రి నీళ్లల్ల ఏసి చూపిచ్చి, వద్దన్నది. సారు పెట్టుమంటే నేను పెట్టిన. సక్రి శుభ్రం లేదని రాసిన కాయితం మీద దస్కతు గూడ నేనే పెట్టిన. అది అబద్ధం."

బయట పిల్లలు ఆడుతున్న చప్పుడు వినిపిస్తోంది. నాగలక్ష్మి కొంగు చివర వేలికి చుట్టుకుని, రాబోయే దానికోసం ఎదురుచూసింది. ఈ క్షణం ఎట్లా ఉంటుందో రెండేళ్లలో ఎన్నిసార్లు అనుకుందో. తిడతారు, మీదికి వస్తారు, తాళంచెవి అక్కడ పెట్టి పొమ్మంటారు.

ముందు బెంచీలో ఉన్న ఎర్రమ్మ నిట్టూర్చింది. "ఆ సారు సంగతి ఎవరికి తెల్వదు. పెట్టుమంటే పెట్టక ఏం జేస్తవ్?"

"ఆయన ట్రాన్స్‌ఫర్ అయి ఏడాది దాటె" అంది ఇంకొకామె.

బలరాం సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆ ఫైలు ఎప్పుడో మూసేసిన్రమ్మా. ఇప్పుడు దాన్ని అడిగెటోళ్లు లేరు. చెప్పినవు, మంచి పని చేసినవు. రిజిస్టర్ల రాయాల్నా?"

"రాయుండ్రి" అంది నాగలక్ష్మి.

ఆయన నాలుగు వరుసలు రాసి చదివి వినిపించాడు. సక్రి తప్పు లేదని, ఆమె గుడ్లు వద్దని చెప్పిందని. అందరూ దస్కతులు, వేలిముద్రలు పెట్టారు.

"మరి నేను?" అని అడిగింది నాగలక్ష్మి.

"నువ్వేంది?"

"నన్ను తీసేస్తరా?"

సారుకు ఆ ప్రశ్న వెంటనే అర్థం కాలేదు. ఎర్రమ్మే నవ్వింది. "నిన్ను తీసేస్తే రేపు పిల్లలకు ఎవలు వండుతరే? మా పిల్లలు నువ్వు ఏసిన చారే కావాలంటరు. కూసో."

ఆమె కూర్చుంది. రెండో మనిషి కింద సక్రి పేరే రాద్దామని ఎవరో అన్నారు, సరేనన్నారు. తర్వాత మళ్లీ నల్లా సంగతికి వచ్చారు.

ఆమె మాటకు నల్లా సంగతి మాట్లాడినంతసేపు కూడా పట్టలేదు. నాగలక్ష్మి తన చేతులు చూసుకుంటూ కూర్చుంది. ఇంతేనా? రెండేళ్ల కింద, ఇదే గదిలో, ఇవే బెంచీల మీద చెప్పి ఉంటే అప్పుడూ ఇంతే అయ్యేదేమో. అయ్యేది కాదేమో కూడా. ఇక తెలుసుకునే దారి లేదు.

బయట చెప్పులు వేసుకుంటుంటే కొండమ్మ దగ్గరికి వచ్చింది.

"మొన్న బండి కాడ నేను అన్ని మాటలంటుంటే నువ్వు పక్కనే ఉంటివి" అంది. "పిల్ల నోట్లది ఊంపిచ్చిన. ఆ మనిషి నా బిడ్డను కాపాడాలని చూసిందంట. నా నోటితోని ఆమెను అనిపిచ్చినవ్ అక్కా."

నాగలక్ష్మి రెండో చెప్పు వేసుకోకుండానే నిలబడిపోయింది.

"నేను పోయి చెప్పుకుంట ఆమెకు" అంటూ కొండమ్మ కూతురిని పిలుచుకుని వెళ్లిపోయింది. ఆ సాయంత్రం ఆమెను గట్టిగా ఒక మాట అన్నది కొండమ్మ ఒక్కతే. ఎందుకో ఆ మాట దగ్గరే నాగలక్ష్మికి కొంచెం ఊపిరి ఆడినట్టయింది.

*

శనివారం ఆమె మళ్లీ రెండు గంటల బస్సు ఎక్కింది. బండి దగ్గర జనం బాగానే ఉన్నారు. సక్రి చూసి, జరిగి చోటిచ్చింది. నాగలక్ష్మి చేతులు కడుక్కుని, అలవాటైనట్టు బన్నుల వైపు నిలబడింది.

"కొండమ్మ వచ్చిపోయింది" అంది సక్రి, గారె తడుతూ. "నిన్న. పిల్లను తీస్కొని. ఇద్దరు తిన్నరు. ఏడ్చింది. నేనే వద్దన్న." ముఖంలో తేటదనం ఉంది. "నువ్వు కమిటీల చెప్పినవంట."

"చెప్పిన."

"గట్ల లేచి చెప్పినవానే. కాళ్లు వణకలే?"

"వణికినయ్."

సక్రి రెండు పొట్లాలు చుట్టి ఇచ్చి, మళ్లీ ఆమె వైపు తిరిగింది. గొంతు తగ్గించింది. "ఏమన్నరే నిన్ను? పని పోయిందా? పోతే చెప్పు, ఇక్కడ ఇద్దరికీ పని ఉన్నది."

అడిగిన తీరులో అంత ఆదుర్దా ఉంది. నాగలక్ష్మికి ఒక్క క్షణం, పోయిందని చెప్పాలనిపించింది. నానా మాటలు అన్నారని, తాళంచెవి లాక్కున్నారని. ఆ మాట ఎంత తేలికగా వచ్చేదో. అది విని సక్రి తన భుజం మీద చెయ్యి వేసేది.

"ఏమనలే" అంది.

"అంటే?"

"ఎవ్వరు ఏమనలే సక్రీ. నీ తప్పు లేదని రిజిస్టర్ల రాసిన్రు. నన్ను కూసోమన్నరు. పని ఉన్నది. నీకు గూడ రెండో మనిషి కింద పేరు రాసిన్రు, వస్తవో రావో అడగమన్నరు."

సక్రి చెయ్యి కవరు మీదే ఆగిపోయింది.

"ఒక్క మాట గూడ అనలే?"

"కొండమ్మ అన్నది, బయటికొచ్చినంక. లోపల ఎవ్వరు అనలే. నల్లా ముచ్చట మాట్లాడుకున్నరు."

పెనం మీద గారె ఒకటి అంచు నల్లబడుతోంది. సక్రి చూడటం లేదు. నాగలక్ష్మి అట్లకాడ అందుకోబోయింది.

"ముట్టకు" అంది సక్రి.

నాగలక్ష్మి చెయ్యి వెనక్కి తీసుకుంది. సక్రే అట్లకాడ తీసుకుని మాడిన గారెను గీకి బుట్టలో పడేసింది. పెనం తుడిచింది. నూనె వేసింది. ముందు నిలబడ్డ ఇద్దరికి కావలసినవి చేసి ఇచ్చింది. తర్వాత, పెనం వైపే చూస్తూ మొదలుపెట్టింది.

"నిజం చెప్తే లక్ష్మి పని పోతుండె. రెండేండ్లు నాకు నేను ఇదే చెప్పుకున్న. తండాల మావోళ్లు నిన్ను తిడితే వాళ్ల మీదికి పోయిన. దానికి వేరే దారి లేకుండె అని. ఇప్పుడు నువ్వొచ్చి ఏమనలే అంటున్నవ్."

"ఏమనరని నాకు గూడ తెల్వదే."

"అవ్. నీకు గూడ తెల్వదు." నూనె గిన్నె పక్కకు జరిపింది. "చెప్పి చూడలే గదా."

"చూడలే."

ఒక లారీ పోయింది. సక్రి దుమ్ము పడకుండా బన్నుల మీద గుడ్డ కప్పి, పోయాక తీసింది.

"నాకు కోపం వస్తున్నది లక్ష్మీ" అంది నెమ్మదిగా, తనకే కొత్తగా ఉన్నట్టు. "అప్పుడు రాలే. ఇప్పుడొస్తున్నది."

"రానియ్యి."

"బడికి నేను రాను. ఇది నా పని ఇప్పుడు. నువ్వు గూడ కొన్ని దినాలు ఇటు రాకు."

"ఎన్ని దినాలు?"

సక్రి నిజంగానే లెక్క వేస్తున్నట్టు ఆలోచించింది. "ఏమో. తగ్గినంక నేనే ఫోన్ చేస్త."

"సరే."

నాగలక్ష్మి సంచి తీసుకుంది. బండి వెనక నుంచి బయటికి రాబోతుంటే సక్రి అడిగింది.

"తిన్నవా?"

"లే."

సక్రి ఒక బన్ను తీసి కోసింది. కారం రాసి పెనం అంచున అదిమింది. తొక్కు, గారె, ఉల్లిగడ్డ. ఆకులో చుట్టింది. దాన్ని పక్కనే ఉన్న నాగలక్ష్మి చేతికి ఇవ్వలేదు. చెయ్యి చాచి బండికి అవతల, కొనుక్కునేవాళ్లు నిలబడే వైపు పలక మీద పెట్టింది.

నాగలక్ష్మి చుట్టూ తిరిగి అటువైపు వెళ్లింది. బాయి నుంచి వచ్చిన ఇద్దరు ఆమెకు కాస్త చోటిచ్చారు. ఆమె ఆకు విప్పుకుని వాళ్ల మధ్య నిలబడి తినసాగింది. కారం మామూలుగానే ఉంది, ఎక్కువా లేదు, తక్కువా లేదు. సగంలో ఎక్కిళ్లు వస్తే సక్రి నీళ్ల జగ్గు ముందుకు జరిపింది, అందరికీ జరిపినట్టే.

బస్సుకు ఇంకా ఇరవై నిమిషాలుంది. తినడం అయిపోయాక కూడా నాగలక్ష్మి అక్కడే, ఆ వైపే నిలబడింది. సక్రి తలెత్తి ఒకసారి చూసింది. వెళ్లమనలేదు. తర్వాత వచ్చినవాళ్లకు గారెలు తట్టడం మొదలుపెట్టింది.